ఎలా పుట్టిందని అడిగితే

ఆ పాకలో దూడ పుట్టే చోటు ఒక చివర, పెరిగే చోటు ఇంకో చివర. మధ్యలో పాలు పితికే వరస. పుట్టించే పని బాబాయిది, పితికే పని పిన్నిది, పెంచే పని నెమ్మదిది. నెమ్మది అసలు పేరు బడి రిజిస్టర్లో ఉంది గానీ ఇంట్లో ఎవరూ వాడరు. చిన్నప్పుడు గ్లాసుడు పాలు తాగడానికి అరగంట తీసుకునేదని పిన్ని పెట్టిన పేరది. అలా అతుక్కుపోయింది. నాన్న పొలమూ మేతా చూసుకుంటాడు. పాక సంగతుల్లోకి ఆయన రాడు, తమ్ముడి మాటకి ఎదురూ చెప్పడు.

పుట్టిన దూడ తోపుడుబండిలో గడ్డి మీద పడుకుని, ముప్ఫై ఆవుల వెనకనుంచి దూడల గదికి వస్తుంది. దాంతోపాటు బాబాయి నోటినుంచి ఒక మాట వస్తుంది. "సులువు." పెయ్యదూడో కోడెదూడో చెప్పి, చేతులు కడుక్కుని వెళ్ళిపోతాడు. ఈనే గది గోడకి వేలాడే పుస్తకంలోనూ అదే రాస్తాడు. తేదీ, తల్లి నంబరు, పెయ్య, సులువు. పన్నెండేళ్ళ పుస్తకం ఎక్కడ తెరిచినా అంతే.

చుట్టుపక్కల ఏ ఆవు ఈనలేక అవస్థపడుతున్నా బాబాయి కోసమే స్కూటర్లు వస్తాయి. ఆ పేరు ఊరికే రాలేదు. కాలు మడతపడిన దూడని లోపలే సర్ది, వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు బయటికి తియ్యడం నెమ్మది చిన్నప్పుడు కళ్ళారా చూసింది. పెద్దయ్యాక చూడలేదు. ఇప్పుడాయన తలుపు లోపలినుంచి గడియ పెట్టుకుంటున్నాడు. మనుషులుంటే ఆవు బెదురుతుందంటాడు.

"ఆవు కాదే బెదిరేది," అంటుంది పిన్ని, ఆయన దగ్గర లేనప్పుడు.

చలి మొదలైనప్పటినుంచి దూడల గదిలో మూడు దూడలు పోయాయి. మొదటిది తొమ్మిదో రోజున విరేచనాలతో. రెండోది మూడు వారాలు బతికి, దగ్గు పట్టుకుని ఊపిరాడక. మూడోదానికి జబ్బనేదేమీ కనపడలేదు. నాలుగో రోజు పొద్దున్న లేవలేదంతే.

మూడోది పోయిన రోజు అన్నాల దగ్గర బాబాయి పళ్ళెంలోకి చూస్తూ అన్నాడు. "నేను ప్రాణంతో తీసి ఇస్తున్నాను. ఆ గదిలోకి వెళ్ళాక పోతే నన్నేం చెయ్యమంటారు? సీసాలు సరిగ్గా కడగాలి. ఇంకొక్కటి పోయిందంటే ఆ గది ఇంకొకరికి అప్పగిస్తాను. మీ అన్న కూతురు ఖాళీగానే ఉందిగా, పిలిపించు."

చివరి మాట పిన్నితో.

"మా అన్న కూతురా!" అంది పిన్ని. "దానికి కోడికి గింజలెయ్యడమే చేతకాదు. కోడే దాన్ని తరుముతుంది."

ఎవరూ నవ్వలేదు. నాన్న మజ్జిగ పోసుకున్నాడు. నెమ్మది అన్నం కలుపుకుంది. ఆమెకి నోట్లో నాలుక లేదని అందరూ అనుకుంటారు. ఉంది, కానీ అది బయల్దేరడానికి టైం పడుతుంది.

సీసాలు ఆమె వేడినీళ్ళతో రెండుసార్లు కడుగుతుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు, సీసాలకి తెలుసు. ఇంకొకటి కూడా ఆమెకి తెలుసు. చచ్చిపోయిన మూడింటికీ గిట్టల పైన, ముందుకాళ్ళ చుట్టూ, వెంట్రుకలు రాలి చర్మం ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది. రెండింటికి నాలుక దళసరిగా ఉబ్బి, పళ్ళ మధ్యనుంచి కొస బయటికి వేలాడింది. ఒకదాని కంటి తెల్లగుడ్డు నెత్తురు జీర కట్టింది. బాగా పెరుగుతున్న దూడల్లో ఆ గుర్తులున్నది ఒక్కటీ లేదు. దూడలకి పాలు పట్టేటప్పుడు చేతులకే పని, కళ్ళకి ఉండదు. ఆ కళ్ళతో ఆమె చూసిందంతే. చూసింది చెప్పడం మాత్రం పిల్లి మెడలో గంట కట్టడం లాంటిది.

ఎర్రది ఈనిన రోజు మాత్రం అలా చూసి ఊరుకోవడం కుదరలేదు.

ఎర్రది అంటే తొలిచూలు ఆవు. ఇంకా పూర్తిగా ఎదగలేదు, తొందరపడి చూలు కట్టించారని పిన్ని గొణుగుతూనే ఉండేది. పొద్దున్న పాలు పితికే వేళకి ఎర్రది పడుకోవడం, లేవడం, తోక ఎత్తడం మొదలుపెట్టింది. ఎనిమిదింటికి నీటితిత్తి పగిలింది. ఎనిమిదింబావుకి పక్క ఊరినుంచి బాబాయికి ఫోనొచ్చింది. అక్కడ ఇంకో ఆవు, దాని యజమాని గొంతు ఫోన్లోంచి పాకంతా వినపడింది. "వస్తున్నానయ్యా, ఇక్కడిది కానిచ్చి వస్తున్నాను," అని బాబాయి ఈనే గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు.

నెమ్మది కుళాయి దగ్గర బకెట్లు నింపుతోంది. కుళాయి ఈనే గది గోడకి ఆనుకునే ఉంటుంది. లోపలినుంచి కప్పీ చప్పుడు మొదలైంది. పైదూలానికి కట్టిన ఇనప కప్పీ, దానిమీదుగా దూడ కాళ్ళకి కట్టి లాగే మోకు. కిర్రుమని లాగుడు, ఆగడం, మళ్ళీ కిర్రు. ఎర్రది ఒకసారి అరిచింది. తర్వాత అరవలేదు, మూలిగింది. నాలుగు బకెట్లు నిండాయి. ఆమె వాటిని గదికి చేర్చి, మళ్ళీ ఖాళీవి తెచ్చింది. కప్పీ ఇంకా కిర్రుమంటూనే ఉంది. చప్పుడు మొదలైనప్పుడే ఆమె ఫోన్లో టైం చూసుకుంది. ఎందుకు చూసిందో అప్పటికి ఆమెకే తెలియదు. చప్పుడు ఆగాక మళ్ళీ చూసింది. మొత్తం నలభై నిమిషాలు.

కాసేపటికి తోపుడుబండి వచ్చింది.

"సులువు. పెయ్య," అన్నాడు బాబాయి. చొక్కా మొత్తం తడిసి ఉంది. బండి అక్కడే వదిలి, సంచీ భుజాన వేసుకుని, స్కూటరెక్కి పక్క ఊరు వెళ్ళిపోయాడు.

పెయ్య పెద్దది. తల్లికి మించిన బిడ్డ. ఒళ్ళంతా పసుపు మరక. కడుపులోనే పేడ వేసుకుంది. తల ఉబ్బి, చిన్న ఒంటికి పెద్ద తల తగిలించినట్టుంది. నాలుక కొస బయటికి వచ్చి నేరేడుపండు రంగులో ఉంది. పక్కకి పడుకోబెడితే పక్కకే ఉండిపోయింది. మామూలు దూడ పుట్టిన పావుగంటకి తల ఎత్తి, ఇదెక్కడికొచ్చాన్రా అన్నట్టు చూస్తుంది. లేవబోయి పడుతుంది, మళ్ళీ లేస్తుంది. ఇది చూపు కూడా తిప్పలేదు. ఊపిరి ఉంది. ఒక్కోటీ మెట్టెక్కుతున్నట్టు వస్తోంది.

నెమ్మది దాని నోట్లో వేలు పెట్టింది. చీకలేదు. వేలి చుట్టూ నోరు చల్లగా ఉంది.

ఫోన్ తీసి పశువుల డాక్టరమ్మకి చేసింది. డాక్టరమ్మ మొదట అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ఆవిడ పలకరింపే అది.

"చెప్పమ్మా. ఎలా పుట్టింది?"

పోయిన మూడింటికీ ఈ ప్రశ్న వచ్చింది. మూడుసార్లూ ఆమె చిలక పలికినట్టు "సులువుగానేనండీ" అంది. సులువుగా పుట్టిన దూడ తొమ్మిదో రోజు పారుకుంటే ఏ డాక్టరైనా ఏమంటుంది? సీసాలు చూడమంటుంది, నేల ఆరబెట్టమంటుంది, మందు రాసిస్తుంది. అదే జరిగింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు కదా, అందులో తన పిడికెడు ఎంతో నెమ్మదికి ఇప్పుడు లెక్క తెలిసింది. ఇప్పుడు కూడా ఆ మాటే అంటే, మధ్యాహ్నం దాకా చూడు, అదే తాగుతుంది, సాయంత్రం అటు వస్తానంటుంది డాక్టరమ్మ. సాయంత్రానికి ఇది ఉండదు. నిజం చెబితే బాబాయి అబద్ధమాడినట్టు చెప్పడమే. పన్నెండేళ్ళ పుస్తకమంతా.

"వినపడుతోందా అమ్మాయ్?"

"కష్టంగా పుట్టిందండీ," అంది నెమ్మది. "నలభై నిమిషాలు కప్పీతో లాగారు. నేను లోపల లేను. బయటనుంచి విన్నాను. నాలుక నీలంగా ఉంది, తల నిలపట్లేదు, వేలు చీకట్లేదు."

డాక్టరమ్మ గొంతు మారింది. "పక్కకి పడుకోనివ్వకు. రొమ్ము మీద కూర్చోబెట్టు, ముందుకాళ్ళు మడిచి, రెండువైపులా గడ్డిమోపులు ఆనించు. పక్కకి పడుకుంటే కింది ఊపిరితిత్తి పనిచెయ్యదు. ముక్కులో గడ్డిపరక పెట్టి తిప్పు, తుమ్మాలి. గోనెతో గట్టిగా రుద్దు, చర్మం వేడెక్కాలి. తలకిందులుగా వేలాడదియ్యకండి, ఎవరు చెప్పినా సరే. నోట్లో పాలు పొయ్యకు, చీకని దూడకి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల్లి ముర్రుపాలు మాత్రం పితికి ఉంచండి. నేను బయల్దేరుతున్నా."

నెమ్మది పిన్నిని కేకేసింది. ఆమె కేకెయ్యడం పిన్ని పెళ్ళయి వచ్చాక అదే మొదటిసారి. పిన్ని చేతిలో చెంబుతోనే పరిగెత్తుకొచ్చింది.

"ఎవరు పోయారే!"

"ఇంకా ఎవరూ పోలేదు. ఎర్రదాని ముర్రుపాలు కావాలి. మూడు లీటర్లు."

పిన్ని దూడని చూసింది, దాని గిట్టల పైన ఎర్రటి గీతలు చూసింది. ఏదో అనబోయి మానుకుంది. పిన్ని మాట మింగడం కూడా అరుదే. వెళ్ళింది.

గడ్డిపరకకి దూడ రెండుసార్లు ఊరుకుంది. మూడోసారి తల విదిలించి తుమ్మింది. ముక్కులోంచి జిగురు బయటికి వచ్చింది. నెమ్మది గోనె తీసుకుని రుద్దసాగింది. పక్కటెముకల మీదకి రాగానే దూడ సన్నగా మూలిగింది. ఒకచోట ముట్టుకుంటే ఒప్పుకోలేదు. ఆమె ఆ చోటు వదిలేసి చుట్టూ రుద్దింది. చేతులు నొప్పెట్టాయి, చెయ్యి మార్చింది. మార్చిన చెయ్యీ నొప్పెట్టింది. మిగతా దూడలు అడ్డకర్రల మీదుగా తలలు పెట్టి చూస్తున్నాయి, మా పాల మాటేమిటన్నట్టు.

పిన్ని బకెట్టుతో వచ్చింది. పాలు పసుపుగా, చిక్కగా, తేనెలా సాగుతున్నాయి. "రెండున్నరే వచ్చాయి. తల్లి నిలబడలేకపోతోందే. దాన్ని గోడకి ఆనించి పితికాను." తర్వాత నెమ్మది పక్కన కూర్చుని, రెండో గోనె తీసుకుంది. "ఏం చెప్పావు డాక్టరమ్మకి?"

"జరిగింది."

"హమ్మో." పిన్ని రుద్దుతూ రుద్దుతూ అంది. "మీ బాబాయి మొదట్లో ఇలా లేడు తెలుసా? మా పెళ్ళయిన కొత్తల్లో ఎవరి పాకలోనో దూడ తీసి, చాలా కష్టమైందండీ అని ఉన్నమాట చెప్పాడు. వారానికి ఆ దూడ పోయింది. ఆ పెద్దమనిషి నలుగుర్లో నిలబెట్టి, నీ మొరటు చేతులే చంపాయన్నాడు. ఆరోజునుంచీ ఈయన నోట ఇంకో మాట రాలేదు. నా కాన్పులకి కూడా సులువేనన్నాడు మహానుభావుడు. పడ్డది నేను!"

డాక్టరమ్మ ముప్పావుగంటలో వచ్చింది. పొట్టి మనిషి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. వస్తూనే దూడ చిగుళ్ళు నొక్కి చూసింది, నోట్లో వేలు పెట్టింది, గుండె విన్నది. మెడ నరంలోకి మందు ఎక్కించింది. నొప్పికి సూది వేసింది. పక్కటెముకల మీద చెయ్యి పెట్టి మెల్లగా జరిపి, ఒకచోట ఆగింది.

"ఒకటి విరిగింది. అతుక్కుంటుందిలే. ఇక్కడ రుద్దలేదుగా?"

"లేదండీ. ముట్టుకోనివ్వలేదు."

"మంచిపని." మెత్తని గొట్టం దూడ నాలుక మీదుగా లోపలికి పంపుతూ, అది ఊపిరిగొట్టంలోకి పోలేదని మెడ తడిమి ఎలా తెలుసుకోవాలో నెమ్మది వేళ్ళు పట్టుకుని చూపించింది. "రెండు గొట్టాలు తగలాలి చేతికి, దాని ఊపిరిగొట్టమూ మన గొట్టమూ. ఒకటే తగిలితే పొయ్యకు." పాలు మెల్లగా దిగాయి. దిగుతుంటే ఆవిడ మాట్లాడింది, పాఠం చెప్తున్నట్టు కాదు, వంట చేస్తూ చెప్పినట్టు. "లాగుతున్నంతసేపూ దీనికి గాలి సరిగ్గా అందదు. బొడ్డు నలుగుతుంది, రొమ్ము ఇరుకులో ఉంటుంది. ఒంట్లో నెత్తురు పులిసిపోతుంది. అందుకే లేవలేదు, చీకలేదు, వెచ్చబడలేదు. చీకకపోతే ముర్రుపాలు అందవు. ముర్రుపాలలో ఉన్న బలం పేగుల్లోంచి నెత్తురులోకి దిగే దారి మొదటిరోజే తెరిచి ఉంటుంది. గంట గడిచేకొద్దీ మూసుకుంటుంది. అలా తప్పిపోయిన దూడ పైకి బాగానే ఉంటుంది. పదో రోజు పారుకుంటుంది, నెలకి దగ్గుతుంది. అప్పుడందరూ పాలగిన్నెలు చూస్తారు."

నెమ్మది గొట్టం పైకొసకి పెట్టిన గరాటు ఎత్తి పట్టుకుని ఉంది. చెయ్యి దించలేదు.

"పోయిన మూడూ ఇలాంటివేనా?" డాక్టరమ్మ అడిగింది.

"గీతలున్నాయండీ కాళ్ళకి. అప్పుడు చెప్పలేదు."

"నేను అడిగినప్పుడు," అని సరిచేసింది డాక్టరమ్మ.

"అదే. మీరు అడిగినప్పుడు నేను చెప్పలేదు."

స్కూటరు ఆగిన చప్పుడైంది. బాబాయి గదిలోకి వచ్చి, డాక్టరమ్మ బూట్లు, గొట్టం, దూడ, గోనెలు వరసగా చూశాడు.

"ఏమైంది? బాగానే పుట్టిందే."

"కష్టమైందని విన్నాను," అంది డాక్టరమ్మ.

"ఎవరన్నారు?"

పిన్ని బకెట్టు అడుగున ఏదో వెతకడం మొదలుపెట్టింది.

"నేనే బాబాయ్," అంది నెమ్మది. గరాటు నిటారుగానే పట్టుకుంది. "నలభై నిమిషాలు లాగావు. కుళాయి దగ్గర ఉన్నాను."

బాబాయి మొహం ఎర్రబడింది. "ఎర్రది చిన్నది, దూడ పెద్దది. లాగకపోతే తల్లీ పోయేది, బిడ్డా పోయేది. గోడవతల నిలబడి గంటలు లెక్కపెట్టడం ఎవరైనా చేస్తారు! లోపలికొచ్చి ఆ మోకు పట్టుకుంటే తెలిసేది!"

"తలుపు గడియ వేసుంది బాబాయ్."

డాక్టరమ్మ గొట్టం బయటికి తీసి, చివర మడిచి పట్టుకుంది. "లాగడం తప్పని ఎవరన్నారండీ? ఇంత దూడని ఇంత చిన్న తల్లిలోంచి ప్రాణంతో తియ్యడం నావల్లా అయ్యేది కాదేమో. కాకపోతే కాస్త ఆగి, అది నొప్పి పడినప్పుడే లాగి ఉంటే ఈ ఎముక మిగిలేది. సరే, అయిపోయింది. కానీ లాగాక ఈ అమ్మాయికి ఒక్క మాట చెప్పకపోతే ఈమె రెండు గంటలు ఆగేది. మామూలు దూడకి ఆగుతారు కదా, అలాగే. ఈ రెండు గంటలే దీని ఆయుష్షు."

బాబాయి ఎర్రదాన్ని చూడాలని వెళ్ళిపోయాడు. పోతూ తోపుడుబండిని కాలితో తన్నాడు. అత్త మీద కోపం దుత్త మీద. అది వెళ్ళి నీళ్ళతొట్టికి కొట్టుకుంది.

మధ్యాహ్నం పన్నెండింటికి దూడ తల నిలిపింది. మూడింటికి నెమ్మది వేలు రెండుసార్లు చీకి మానేసింది. సాయంత్రం పాలు పితికేలోపు వెనకకాళ్ళు ఎత్తి, ముందుకాళ్ళ మీద మోకరిల్లి, ఆలోచించుకుని, పడిపోయింది. మర్నాడు లేచింది.

బాబాయి పదకొండు రోజులు నెమ్మదితో మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా పిన్నితో చెప్పి అడిగించుకున్నాడు. "ఉప్పుట," అని పిన్ని చెప్పేది, ఇద్దరి మధ్యా కూర్చుని. "నన్ను టెలిఫోను చేశారు మీరిద్దరూ. బిల్లెవరు కడతారు?" ఆ పదకొండు రోజుల్లో రెండు ఆవులు ఈనాయి. రెండూ వాటంతటవే ఈనాయి, చెప్పడానికేమీ లేకపోయింది. పిన్ని అన్న కూతుర్ని పిలిపించే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అలాగని ఆ మాట పోయిందని కూడా ఎవరూ చెప్పలేదు. గది తన చేతిలో ఉంటుందా పోతుందా అన్నది ఇంకా ఆ దూడ మీదే ఆధారపడి ఉందని నెమ్మదికి తెలుసు.

తొమ్మిదో రోజు పెయ్య పారుకుంది. ఈసారి ఆమె దానికోసం చూస్తూనే ఉంది. పొద్దున్న తోక కింద పచ్చగా కనపడగానే వేరే గదిలో పొడిగడ్డి మీద వేసి, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు గంటకోసారి పట్టింది. పాలు పట్టడం మానలేదు. కళ్ళు లోపలికి పోయాయి, ఒళ్ళు జావకారింది, మూడు రోజులు అది బతుకుతుందనీ అనలేకపోయింది, పోతుందనీ అనలేకపోయింది. నాలుగో రోజు సీసా కనపడగానే అడ్డకర్రని తలతో కుమ్మింది. డాక్టరమ్మ వచ్చి చూసి చెప్పింది. "బతికింది. తోటివాటితో సమానంగా మాత్రం ఎదగదు. చలికాలమల్లా దగ్గు వింటూ ఉండాలి. అంత గండం గడిచిన ఒళ్ళిది, ఆ మాత్రం గుర్తుంచుకుంటుంది." నెమ్మది తలూపింది. దానికి ఒంటిమీద కప్పడానికి గోనె కుట్టింది.

ఆ మధ్యాహ్నమే పక్క ఊరినుంచి ఒకతను వచ్చాడు. గేటు బయటే స్కూటరు ఆపి, దిగకుండా బాబాయిని పిలిచాడు. బాబాయి సంచీ తీసుకున్నాడు. గేటు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, దూడల గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. గోనె తొడుక్కున్న పెయ్యని చూశాడు. అది ఆయన్ని చూసింది. దాని మనసులో ఏ పగా లేదు, పాలు తెచ్చాడేమోనన్న ఆశ తప్ప.

"ఆ గొట్టం నీకు వెయ్యడం వచ్చా?" అడిగాడు. పదకొండు రోజుల తర్వాత మొదటి మాట అది.

"వచ్చు బాబాయ్. ఇది పారుకున్నప్పుడు రెండుసార్లు వేశాను."

"గోనెలెన్ని ఉన్నాయి?"

"పొడివి నాలుగు."

"పట్టుకునిరా."

నెమ్మది పిన్ని వైపు చూసింది. "నాలుగింటికి దీనికి నీళ్ళు, ఐదింటికి పాలు. గోరువెచ్చగా. సగం తాగి ఆగితే తొందరపెట్టకు."

"పెద్ద డాక్టర్లు బయల్దేరారు," అంది పిన్ని. "వెళ్ళు వెళ్ళు. నేనూ నలుగుర్ని పెంచాను, వాటికి తోకలు లేవంతే."

ఆ ఊరి పాకలో ఆవు పడుకుని ఉంది. బాబాయి తలుపు మూయలేదు. చొక్కా విప్పి, భుజం దాకా సబ్బు రాసుకుని, నేలమీద పక్కకి పడుకుని చెయ్యి లోపలికి పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు లోపల తడిమాడు. తర్వాత గోడవైపు చూస్తూ, ఎవరికో వినపడేలా గట్టిగా చెప్పాడు.

"తల వెనక్కి మడిచి ఉంది. నీళ్ళు పోయి మూడు గంటలంటున్నారు. వేలు పెడితే నాలుక కదిలింది, ప్రాణం ఉంది. సర్దడానికే అరగంట పడుతుంది. ఆ తర్వాత లాగాలి."

యజమాని బెదిరిపోయాడు. "అయ్యో, అంత ఇబ్బందిగా ఉందా అండీ? మీరొచ్చారని ధైర్యంగా ఉన్నాను."

"నీతో కాదయ్యా, ఆ అమ్మాయితో చెప్తున్నాను," అన్నాడు బాబాయి.

నెమ్మది ఫోన్లో టైం చూసింది. గోనెలు ఎండపడే చోట పరిచి, వేడినీళ్ళు ఎక్కడ దొరుకుతాయని ఆ ఇంటావిడని అడిగింది.